బడి గడపలో కాగితాలు అడగొద్దన్న న్యాయమూర్తి: విలియం బ్రెన్నన్

జూన్ నెల వచ్చిందంటే మన హాస్టల్ వరండా అంతా కాగితాల సందడే. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, టీసీ, పాస్‌పోర్టు సైజు ఫొటోలు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో నాన్న వేలు పట్టుకుని గేటు దగ్గర నిలబడిన రోజును మనలో ఎవరమూ మరచిపోలేం. కవర్లో ఒక కాగితం తగ్గితే ఆ పూట గుండె ఎలా కొట్టుకుంటుందో కూడా మనకు తెలుసు.

మా బ్యాచ్‌లో ఒక తమ్ముడు దసరా సెలవుల తర్వాత వచ్చాడు. అమ్మానాన్నలు ముంబైలో మేస్త్రీ పనికి పోయి తిరిగి వచ్చారు. అక్కడ చదివిన బడి నుంచి టీసీ తేలేదు. అప్పటి వార్డెన్ సార్ వాడిని వెనక్కి పంపలేదు. ముందు అన్నం పెట్టించారు, చాప, దుప్పటి ఇప్పించారు, మరునాడు మాతోపాటు బడికి పంపారు. టీసీ మూడు నెలలకు వచ్చింది. ఆ మూడు నెలలు వాడు గేటు ముందు గడిపి ఉంటే ఈ రోజు పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారు అయ్యేవాడు కాదు.

ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాసుకోవడం ఆనవాయితీ. అంబేడ్కర్ గారు, ఫూలే దంపతులు, జాషువా గారు, భాగ్యరెడ్డి వర్మ గారు మన డైనింగ్ హాలు గోడల మీద ఉన్నారు. ఈసారి మేము ఆ గోడ మీద ఫొటో లేని ఒకరి గురించి రాస్తున్నాం. ఆయన మన దేశం వాడు కాదు, మన భాష ఎరగడు. కానీ తల్లిదండ్రుల దగ్గర కాగితం లేదని పిల్లవాడిని బడి బయట నిలబెట్టకూడదని ఒక పెద్ద దేశపు అత్యున్నత న్యాయస్థానం తరఫున తీర్పు రాసినవాడు ఆయన. ఆయనే విలియం జోసెఫ్ బ్రెన్నన్.

బొగ్గు పారతో మొదలైన ఇల్లు

బ్రెన్నన్ 1906 ఏప్రిల్ 25న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం నెవార్క్ నగరంలో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ ఐర్లండ్‌లోని రాస్‌కామన్ ప్రాంతం నుంచి బతుకుతెరువు కోసం వలస వచ్చినవారు. ఐర్లండ్ అప్పటికి ఇంగ్లండు పాలనలో ఉంది. 19వ శతాబ్దం మధ్యలో వచ్చిన మహా కరువు తర్వాత లక్షల మంది ఐరిష్ ప్రజలు ఓడలెక్కి అమెరికా చేరారు. అక్కడ వాళ్లకు పూలదండలు ఎదురు రాలేదు. బీదవాళ్లని, క్యాథలిక్కులని చిన్నచూపు చూసేవారు. దొరికింది ఒళ్లు వంచి చేసే కూలి పని మాత్రమే.

బ్రెన్నన్ తండ్రి కూడా మొదట ఒక బీరు కర్మాగారంలో బాయిలర్‌లోకి బొగ్గు ఎత్తిపోసే పని చేశారు. ఆ వేడిలో పని చేస్తూనే తోటి కార్మికులను కూడగట్టి కార్మిక సంఘం నాయకుడయ్యారు. 1917లో నెవార్క్ నగర పాలక కమిషన్‌కు ఎన్నికై, నగర పోలీసు, అగ్నిమాపక శాఖలను చూసే బాధ్యతలో పని చేశారు. ఒక తరంలో బొగ్గు పార పట్టిన చెయ్యి నగర పాలన దాకా రావడం ఆ ఇంట్లో పిల్లలు కళ్లారా చూశారు.

ఎనిమిది మంది సంతానంలో బ్రెన్నన్ రెండోవారు. చిన్నప్పుడు పాలు పోయడం, ట్రాలీ బండ్ల ప్రయాణికులకు చిల్లర మార్చి ఇవ్వడం వంటి చిన్న చిన్న పనులు చేసి నాలుగు డబ్బులు సంపాదించారు. నెవార్క్‌లోని ప్రభుత్వ హైస్కూలు బారింజర్‌లో చదివి 1924లో బయటికి వచ్చారు. అమెరికాలో ప్రభుత్వ పాఠశాల అంటే అక్కడి ప్రజల పన్నులతో నడిచే ఉచిత బడి. వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు అదే మొదటి మెట్టు. ఆ మెట్టు లేకపోతే బ్రెన్నన్ లేరు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ గారు 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. నెవార్క్ న్యూయార్క్‌కు పక్క ఊరిలాంటిదే. అంబేడ్కర్ గారు అక్కడ రాత్రింబవళ్లు పుస్తకాలు చదువుతున్న ఆ సంవత్సరాల్లో, కొద్ది మైళ్ల దూరంలో ఏడెనిమిదేళ్ల బ్రెన్నన్ పలక పట్టుకుని ప్రభుత్వ బడికి వెళుతున్నారు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. కానీ ఇద్దరి చేతులూ తర్వాత ఒకే మాట మీద పడ్డాయి. ఆ మాట గురించి ముందు ముందు చెబుతాం.

స్కాలర్‌షిప్ చదువు, వకీలు వృత్తి

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి 1928లో డిగ్రీ తీసుకున్నారు. అంతకు ముందు ఏడాదే మార్జరీ లెనార్డ్‌ను వివాహం చేసుకున్నారు. తర్వాత హార్వర్డ్ లా స్కూల్‌లో చేరారు. అక్కడ చదువుతుండగానే 1930లో తండ్రి కన్నుమూశారు. ఇంటి పెద్ద దిక్కు పోయింది, డబ్బుకు ఇబ్బంది వచ్చింది. స్కాలర్‌షిప్ ఆదుకుంది. 1931లో లా పూర్తి చేశారు. స్కాలర్‌షిప్ డబ్బు ఎప్పుడు పడుతుందా అని బ్యాంకు పుస్తకం పట్టుకుని తిరిగిన మనకు ఆ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

నెవార్క్‌లో ఒక పేరున్న లా సంస్థలో చేరి కార్మిక చట్టాల కేసులు వాదించారు. విచిత్రం ఏమంటే కార్మిక నాయకుడి కొడుకు యాజమాన్యాల తరఫున వాదించవలసి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పని చేసి కల్నల్ హోదా వరకు వెళ్లారు. 1949లో న్యూజెర్సీ రాష్ట్రంలో జడ్జి అయ్యారు. కొద్ది కాలంలోనే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరారు.

1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయనను అమెరికా సుప్రీంకోర్టుకు ఎంపిక చేశారు. ఐసెన్‌హోవర్ రిపబ్లికన్ పార్టీ, బ్రెన్నన్ డెమోక్రటిక్ పార్టీ. ఎన్నికలు దగ్గరపడిన రోజులు కావడంతో వేరే పార్టీకి చెందిన క్యాథలిక్ జడ్జిని తీసుకుంటే మేలని ప్రభుత్వంలో ఆలోచన జరిగింది. 1957లో సెనేట్ ఆమోదం తెలిపినప్పుడు వ్యతిరేకించిన గొంతు ఒక్కటే, జోసెఫ్ మెకార్తీది. అలా వచ్చిన బ్రెన్నన్ ఆ కుర్చీలో దాదాపు 34 సంవత్సరాలు కూర్చున్నారు.

అయిదు వేళ్ల పాఠం

అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఉంటారు. బ్రెన్నన్ తన దగ్గర కొత్తగా చేరిన లా క్లర్కులను ఈ కోర్టులో అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఏదని అడిగేవారట. వాళ్లు పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్పబోతే, ఆయన చెయ్యి ఎత్తి అయిదు వేళ్లు చూపించేవారట. తొమ్మిదిలో అయిదు ఓట్లు కూడితేనే న్యాయం తీర్పుగా మారుతుంది. నాలుగు దగ్గర ఆగితే అది మంచి ఆలోచనగానే మిగిలిపోతుంది. అందుకే ఆయన గట్టిగా అరిచే మనిషి కాదు. నవ్వుతూ, భుజం మీద చెయ్యి వేస్తూ, తోటి జడ్జికి అభ్యంతరమైన వాక్యాన్ని మార్చుకుంటూ అయిదో ఓటును కూడగట్టే మనిషి.

నల్లజాతి పిల్లలకు, తెల్లజాతి పిల్లలకు వేర్వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని 1954లో, అంటే బ్రెన్నన్ రాకముందే, ఆ కోర్టు చెప్పింది. చెప్పడం వేరు, జరగడం వేరు. ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో నల్లజాతి విద్యార్థులు బడికి వెళ్లడానికి సైన్యాన్ని పంపవలసి వచ్చింది. 1958లో ఆ వివాదం కోర్టుకు వచ్చినప్పుడు తీర్పు ముసాయిదాలో ప్రధాన భాగం బ్రెన్నన్ తయారు చేశారు. తొమ్మిది మంది న్యాయమూర్తులూ దాని మీద పేర్లు పెట్టారు. 1968లో వర్జీనియాలోని న్యూ కెంట్ కౌంటీ కేసులో, ఇష్టమున్న బడిలో చేరవచ్చని కాగితం మీద రాసి ఊరుకుంటే సరిపోదని, వేర్పాటు నిజంగా పోయే పని చేసి చూపించాలని ఆయనే తీర్పు రాశారు.

మన హాస్టల్ వాళ్లం తప్పక తెలుసుకోవలసిన ఇంకో తీర్పు 1970లోది. బీద కుటుంబానికి ఇచ్చే సంక్షేమ సహాయాన్ని ప్రభుత్వం ఆపేయదలిస్తే, ముందు వాళ్ల మాట వినాలని, వినకుండా ఆపరాదని బ్రెన్నన్ రాశారు. సంక్షేమం అంటే దయతో విసిరే ముద్ద కాదన్నది ఆ తీర్పు సారం.

ఆయనలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. స్త్రీపురుష సమానత్వం మీద 1973లో గట్టి తీర్పు రాసిన ఆయనే, అప్పటికి తన ఆఫీసులో ఒక్క మహిళా లా క్లర్కును కూడా తీసుకోలేదు. సిఫార్సు వచ్చిన ప్రతిభావంతురాలిని కాదన్న సందర్భం కూడా ఉంది. పాత శిష్యుడొకరు తప్పు ఎత్తి చూపాక 1974లో మార్షా బెర్జన్‌ను తీసుకున్నారు. ఆమె తర్వాత తానే ఫెడరల్ జడ్జి అయ్యారు. మహనీయుల జీవితాల్లో మంచిని మాత్రమే రాసి ఫొటోకు దండ వేయడం మాకు ఇష్టం లేదు. తప్పు తెలిశాక దిద్దుకున్నారన్నదే మనకు కావలసింది.

టైలర్ ఊరి పిల్లలు

ఇక అసలు కథకు వస్తాం. టెక్సాస్ రాష్ట్రానికి మెక్సికోతో పొడవైన సరిహద్దు ఉంది. పొలాల్లో, కర్మాగారాల్లో తక్కువ కూలికి పని చేయడానికి మెక్సికో నుంచి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి అనుమతి పత్రాలు ఉండవు. పని చేయించుకునేటప్పుడు ఆ సంగతి ఎవరికీ పెద్దగా పట్టేది కాదు. వాళ్ల పిల్లలు బడికి వచ్చినప్పుడు మాత్రం పట్టింది.

1975లో టెక్సాస్ ఒక చట్టం చేసింది. చట్టబద్ధంగా దేశంలోకి రాని పిల్లల చదువుకు రాష్ట్ర నిధులు ఇవ్వబోమని, వాళ్లను చేర్చుకోకుండా ఉండే అధికారం స్థానిక పాఠశాల జిల్లాలకు ఉంటుందని ఆ చట్టం చెప్పింది. గులాబీ తోటలకు పేరుపడ్డ టైలర్ పట్టణంలో 1977లో పాఠశాల బోర్డు ఒక నిర్ణయం చేసింది. పత్రాలు లేని ప్రతి పిల్లవాడూ ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు కట్టాలి. మిగతా పిల్లలందరికీ అదే బడి ఉచితం. ఆ జిల్లాలో చదివే వేల మందిలో అలాంటి పిల్లలు వంద మంది కూడా లేరు. కూలి కుటుంబాలకు 1,000 డాలర్లు అంటే, చదువు మానెయ్యమని మర్యాదగా చెప్పడమే.

నాలుగు కుటుంబాలు కోర్టుకు వెళ్లాయి. మెక్సికన్ అమెరికన్ల హక్కుల కోసం పని చేసే ఒక న్యాయ సహాయ సంస్థ వకీళ్లు అండగా నిలిచారు. కేసు విన్న జడ్జి పేరు విలియం వేన్ జస్టిస్. పేరులోనే న్యాయం ఉన్న ఆయన, ఆ కుటుంబాల అసలు పేర్లు బయటికి రాకుండా మారుపేర్లతో కేసు నడవనిచ్చారు. ఎవరి కంటా పడకుండా ఉండేందుకు 1977 సెప్టెంబరులో తెల్లవారి 6 గంటలకే విచారణ పెట్టారు. అది అయ్యాక తల్లిదండ్రులు పనికి వెళ్లాలి. కోర్టుకు వెళ్తే అక్కడి నుంచే పట్టుకుని దేశం దాటిస్తారేమోనన్న భయంతో ఇంటి సామాను కారులో సర్దుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

తమ్ముళ్లూ, ఒక్కసారి ఆలోచించండి. పిల్లవాడి చదువు కోసం న్యాయం అడగడానికి పోతూ, ఇక ఇంటికి తిరిగి రామేమోనని గిన్నెలూ బట్టలూ మూటగట్టుకున్నారు ఆ తల్లిదండ్రులు. మన అమ్మానాన్నలు వలస పోయేటప్పుడు కట్టే మూట మనకు తెలుసు. ఇది దానికన్నా బరువైన మూట.

జడ్జి జస్టిస్ పిల్లల పక్షాన ఉత్తర్వులిచ్చారు. పై కోర్టు కూడా దాన్ని సమర్థించింది. టెక్సాస్‌లోని మిగతా చోట్ల నుంచి వచ్చిన ఇలాంటి కేసులు కూడా కలిశాయి. 1981 డిసెంబరు 1న సుప్రీంకోర్టులో వాదనలు జరిగాయి. టైలర్ పాఠశాలల సూపరింటెండెంట్ ఇంటి పేరు మీద, మారుపేరుతో ఉన్న పిల్లల పేరు మీద, ఈ కేసు ప్లైలర్, డో కేసుగా చరిత్రకెక్కింది.

1982 జూన్ 15

అప్పటికి బ్రెన్నన్ వయసు 76. భార్య మార్జరీ క్యాన్సర్‌తో ఏళ్లుగా బాధపడుతున్నారు. ఆమె ఆ ఏడాది చివరలోనే కన్నుమూశారు. ఇంట్లో ఆ దిగులు ఉండగానే ఆయన ఈ తీర్పు రాశారు.

పని తేలిక కాదు. చదువు అమెరికా రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదని 1973లో అదే కోర్టు 5-4 ఓట్లతో తీర్పు చెప్పి ఉంది. అప్పుడు బ్రెన్నన్ ఓడిన పక్షంలో ఉన్నారు. గెలిచిన పక్షం తరఫున ఆ తీర్పు రాసింది లూయిస్ పావెల్. ఇప్పుడు అయిదో ఓటు కావాలంటే ఆ పావెల్ గారే రావాలి. పావెల్ గారు జడ్జి కాకముందు వర్జీనియాలోని రిచ్‌మండ్ నగర పాఠశాల బోర్డుకు అధ్యక్షుడిగా పని చేసినవారు. చదువు అందని పిల్లవాడు ఏమవుతాడో ఎరిగినవారు. బ్రెన్నన్ ముసాయిదాను ఒకటికి నాలుగు సార్లు తిరగరాశారు. పావెల్ గారికి అభ్యంతరమైన చోట వెనక్కి తగ్గారు, అసలు విషయంలో మాత్రం తగ్గలేదు. చివరికి పావెల్, థర్‌గుడ్ మార్షల్, బ్లాక్‌మన్, స్టీవెన్స్ ఆయనతో కలిశారు. అయిదు వేళ్లూ కూడాయి. టెక్సాస్ చట్టం చెల్లదని 1982 జూన్ 15న తీర్పు వచ్చింది. మన దగ్గర బడులు తెరుచుకునే రోజులవి.

తీర్పులోని వాదన సామాన్యులకు కూడా అర్థమవుతుంది. అమెరికాలో బానిసత్వం పోయాక 1868లో రాజ్యాంగానికి 14వ సవరణ చేశారు. చట్టాల సమాన రక్షణ గురించి చెప్పిన చోట ఆ సవరణ పౌరుడు అనే మాట వాడలేదు, వ్యక్తి అనే మాట వాడింది. పత్రాలు లేని మనిషి మా పరిధిలో లేనట్టేనని టెక్సాస్ వాదించింది. బ్రెన్నన్ ఒప్పుకోలేదు. ఆ రాష్ట్రంలో నివసిస్తూ, అక్కడి చట్టాలకు లోబడే మనిషి ఆ చట్టాల రక్షణకూ అర్హుడే. సరిహద్దు దాటింది తల్లిదండ్రులు. దానికి శిక్ష పిల్లలకు వేయడం న్యాయం కాదు. చదువు ప్రాథమిక హక్కు కాకపోయినా, మిగతా ప్రభుత్వ సౌకర్యాల వంటిది మాత్రం కాదు. పిల్లలకు అక్షరం దక్కకుండా చేస్తే వాళ్లు జీవితాంతం అట్టడుగునే ఉండిపోతారు. అలాంటి వర్గాన్ని తయారు చేయడం వల్ల రాష్ట్రానికి ఒరిగేదేమీ లేదు. డబ్బు మిగులుతుందన్న కారణం దీనికి చాలదు.

అంబేడ్కర్ గారి ముచ్చటలో చెబుతామన్న మాట ఇదే. మన రాజ్యాంగం 14వ అధికరణం కూడా చట్టం ముందు సమానత్వాన్ని పౌరుడికి అని కాక, వ్యక్తికి అని ఇచ్చింది. అక్కడ 14వ సవరణ, ఇక్కడ 14వ అధికరణం, రెండింటిలోనూ అదే మాట. ఆ మాట విలువ తెలిసినవాళ్లు మన కోసం దాన్ని అక్కడ ఉంచారు.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. నలుగురు న్యాయమూర్తులు ఈ తీర్పుతో విభేదించారు. పిల్లలను బడికి దూరం చేయడం తెలివైన పని అని వాళ్లు కూడా అనలేదు. దాన్ని సరిదిద్దవలసింది శాసనసభలే గాని కోర్టు కాదన్నది వాళ్ల వాదన. ఒక్క ఓటు అటు పడి ఉంటే అదే నెగ్గేది.

కేసు వేసిన పిల్లల్లో చాలామంది టైలర్‌లోనే హైస్కూలు పూర్తి చేశారు. కేసులో ఎదుటి పక్షంగా నిలిచిన సూపరింటెండెంట్ ప్లైలర్ కూడా, తాము ఓడిపోవడమే మంచిదైందని తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు.

గేటు దగ్గర ఎవరు నిలబడ్డారు?

హక్కు వచ్చింది, ఇక కథ సుఖాంతం అనుకుంటే పొరపాటు. బడిలో చేర్చుకోవాలని బ్రెన్నన్ తీర్పు చెప్పింది. కానీ బడి గేటు దగ్గర వలస శాఖ అధికారి నిలబడి, పిల్లవాడిని దింపడానికి వచ్చిన తండ్రిని పట్టుకుంటే ఏం కావాలి? సీటు ఉంటుంది, హాజరు పట్టీలో పేరు ఉంటుంది, పిల్లవాడు మాత్రం రాడు.

దీన్ని అక్కడివాళ్లు అనుభవంలో చూశారు. పత్రాలు లేని పిల్లలను బడుల నుంచి తొలగించాలని, వాళ్ల వివరాలు అధికారులకు చేరవేయాలని 1994లో కాలిఫోర్నియా ఓటర్లు ఒక ప్రతిపాదనను ఆమోదించారు. కోర్టు ఆపింది, ఆపడానికి ఆధారం బ్రెన్నన్ తీర్పే. 2011లో అలబామా రాష్ట్రం కొత్తగా చేరే పిల్లల వలస వివరాలు బడులే అడగాలని చట్టం చేసింది. పిల్లలను వెళ్లగొట్టాలని అందులో లేదు. అయినా భయంతో ఎంతోమంది పిల్లలు బడి మానేశారు. 2012లో పై కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది.

2011 అక్టోబరులో వలస శాఖ తన అధికారులకు ఒక ఆదేశం ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల దగ్గర అత్యవసరమైతే తప్ప అరెస్టులు చేయరాదని దాని సారాంశం. 2021లో దాన్ని ఇంకా విస్తరించారు. అయితే అది చట్టం కాదు, శాఖాపరమైన ఆదేశం. ఒక సంతకంతో వచ్చింది ఇంకో సంతకంతో పోతుంది. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం రాగానే దాన్ని రద్దు చేశారు. ఆ నెలలోనే కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో వలస అధికారుల దాడులు జరిగాయి. అక్కడి 5 పాఠశాల జిల్లాల హాజరు లెక్కలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధన పరిశీలిస్తే, ఆ దాడుల తర్వాత గైర్హాజరు 22 శాతం పెరిగినట్టు తేలింది.

నేరం చేసినవాడు బడిలో దాక్కోవచ్చా, చట్టాన్ని అమలు చేయవద్దా అని అడిగేవాళ్లు ఉన్నారు. అది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. బడికి పరిమితి పెట్టాలనేవాళ్లు కూడా చట్టాన్ని ఆపమనడం లేదు, జడ్జి సంతకం చేసిన వారంటు తెమ్మంటున్నారు. శాఖ అధికారే సంతకం చేసుకున్న కాగితం వేరు, జడ్జి పరిశీలించి ఇచ్చిన వారంటు వేరు. 2025 సెప్టెంబరులో కాలిఫోర్నియా చేసిన చట్టం సరిగ్గా ఇదే చెప్పింది. అలాంటి వారంటు లేకుండా వలస అధికారులను తరగతి గదుల వైపు రానివ్వకూడదు. ఇల్లినాయిస్ కూడా అదే ఏడాది బడుల రక్షణకు చట్టం చేసింది. మరోవైపు అదే ఏడాది టెన్నెస్సీలో బ్రెన్నన్ తీర్పుకే ఎదురు వెళ్లే బిల్లును అక్కడి సెనేట్ ఆమోదించింది, ప్రతినిధుల సభలో అది ఆ ఏడాదికి ఆగిపోయింది. అంటే ఆ అయిదో వేలు మీద పోరాటం ఇంకా జరుగుతూనే ఉంది.

ఇది ఎక్కడో జరిగే గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో అక్కడ ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఎక్కువగా వెళ్లేది ఆ ప్రభుత్వ బడులకే. తండ్రి వీసా ఏమిటి, గడువు ఎప్పటిదాకా అని అక్కడి బడి అడగదు. ఉద్యోగం పోయి వీసా చిక్కుల్లో పడిన ఇంటి పిల్లవాడు కూడా మర్నాడు ఉదయం పసుపు పచ్చ బస్సెక్కి బడికి పోగలుగుతున్నాడంటే, దాని వెనుక టైలర్ ఊరి కూలీల తెగువ ఉంది, బ్రెన్నన్ కలం ఉంది.

చివరి రోజులు

1990లో పక్షవాతం రావడంతో బ్రెన్నన్ జులై 20న పదవి నుంచి తప్పుకున్నారు. 1993లో అమెరికా ప్రభుత్వం తన అత్యున్నత పౌర పురస్కారమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చి గౌరవించింది. 1997 జులై 24న, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో మార్జరీ పక్కనే ఆయన సమాధి ఉంది. బొగ్గు ఎత్తిపోసిన వలస కూలీ కొడుకు, ఆ దేశపు సైనికులు, నాయకులు నిద్రిస్తున్న చోట నిద్రిస్తున్నారు.

మన దగ్గర కూడా 2009 విద్యాహక్కు చట్టం, వయసు రుజువు పత్రం లేదన్న కారణంతో ఏ పిల్లవాడికీ ప్రవేశం నిరాకరించరాదని చెబుతోంది. చట్టం పుస్తకంలో ఉంటుంది, గేటు దగ్గర మనిషి ఉంటాడు. ఆ మనిషి ఎలాంటివాడన్న దాని మీదే పిల్లవాడి బతుకు ఆధారపడి ఉంటుంది.

ఈ హాస్టల్లో తిని, చదివి బయటికి వెళ్లిన మన అన్నల్లో ఇప్పుడు టీచర్లు ఉన్నారు, రెవెన్యూ ఆఫీసుల్లో పని చేసేవారున్నారు, పోలీసు ఉద్యోగులున్నారు, వార్డెన్లు కూడా ఉన్నారు. రేపు మనలో కొందరం ఆ కుర్చీల్లో కూర్చుంటాం. ఇటుక బట్టీ నుంచో, మేస్త్రీ పని నుంచో వచ్చిన ఒక పిల్లవాడు చేతిలో ఏ కాగితమూ లేకుండా మన ముందు నిలబడతాడు. వాడి భాష కూడా మనకు రాకపోవచ్చు. అప్పుడు ముంబై నుంచి వచ్చిన మా తమ్ముడికి చాప ఇప్పించిన వార్డెన్ సార్‌ను గుర్తు చేసుకుందాం. అయిదు వేళ్లు చూపించిన ఆ ముసలి జడ్జి గారిని గుర్తు చేసుకుందాం. ముందు పేరు అడుగుదాం, అన్నం తిన్నావా అని అడుగుదాం. కాగితాల సంగతి తర్వాత.